నూఱు పౌనుల ప్రకటన

ప్రకటనలను గూర్చి ముచ్చటించువారు అక్షరముల పరిమాణమును, చిత్రముల యందమును తఱచుగా ప్రశంసింతురు. శీర్షికయే ప్రకటనకు ప్రాణమందురు. అది సత్యమే. కాని యా శీర్షికకు బలము ఎచ్చటనుండి వచ్చునో తెలియవలెనన్నచో, 1891వ సంవత్సరమున లండను పత్రికలలో వెలువడిన యొక మందు ప్రకటనను పరిశీలింపవలెను.

అప్పటికి రెండేండ్లుగా ఇన్‌ఫ్లూయెంజా జ్వరము ఐరోపాఖండమును పీడించుచుండెను. దాని మూలమేదియో వైద్యులకే తెలియదు. అట్టి సమయమున కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీవారు దానికి నివారణ కలదనిరి. వారి సరకొక రబ్బరు బంతి. లోపల కార్బాలిక్ ఆమ్లము కలిపిన పొడి. గొట్టమును ముక్కున జేర్చి బంతిని నొక్కినచో పొడి పొగవలె లోనికి బోవును. వెల 10 షిల్లింగులు.

మా మందు అమోఘమని వ్రాసియుండినచో నెవ్వరును రెండవమాఱు చూడకుందురు. అట్టి మాటలు ప్రతి మందుసీసాపైనను గలవు. వీరు 100 పౌనుల బహుమానమని శీర్షిక పెట్టిరి. దినమునకు మూడుసార్ల చొప్పున రెండు వారములు వాడిన పిదపను జ్వరము వచ్చినవారికి ఆ సొమ్ము నిత్తుమనియు, అందులకై 1,000 పౌనులను రీజెంటు వీథిలోని అలయన్సు బ్యాంకులో నుంచితిమనియు చెప్పిరి. ఇందు పొగడ్త కనబడదు. సంఖ్య కలదు, గడువు కలదు, బ్యాంకు పేరు కలదు.

లూయిసా ఎలిజబెత్ కార్లిల్ అను నామె దీనిని నమ్మి బంతిని కొని, 1891 నవంబరు 20 మొదలు నియమము తప్పక వాడి, 1892 జనవరి 17న జ్వరపడెను. సొమ్మడుగగా కంపెనీవారు ఈయలేదు. న్యాయస్థానమున వారి వాదము మిక్కిలి చిత్రమైనది. అవి వట్టి యుబ్బుమాటలట, నిజమని యెవ్వరును గైకొనరాదట! అప్పీలు న్యాయస్థానమున లిండ్లీ, బోవెన్, ఏ. ఎల్. స్మిత్ అను న్యాయాధిపతులు మువ్వురును 1892 డిసెంబరు 7న దానిని త్రోసిపుచ్చిరి. బ్యాంకులో సొమ్ముంచితిమన్న మాటయే ఆ వాగ్దానము పరిహాసము కాదనుటకు సాక్ష్యమయ్యెను. సరకు నమ్మించిన వాక్యమే సొమ్ము చెల్లింపజేసినది. షరతు నెఱవేర్చుటయే అంగీకారమని మన 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము 8వ విభాగమునను గలదు.

కంపెనీవారు మాత్రము బెదరలేదు. 1893లో బహుమానమును 200 పౌనులకు పెంచి, షరతులను బిగించి మరల ప్రకటించిరి. వేలకొలది బంతు లమ్ముడుపోగా మువ్వురే సొమ్మడిగిరి గావున మందు గుణము రుజువైనదట! ఓటమిని సరకుగా నమ్ముకొన్న నేర్పిది. జ్వరపడియు వ్యాజ్యమాడు స్తోమతు లేనివారెందఱో ఆ లెక్కలో లేరు. నివారణ మందుల ప్రకటనలకు గల గొప్ప సౌకర్యమిదియే: రోగము రానివాడు మందు వలననే రాలేదని తలచును, వచ్చినవాడు తానే నియమము తప్పితినేమో యని యూరకుండును.

ఆ 1893లోనే కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. తొలిదినములలో దానిని సంగీతసభలలో నుచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. తలనొప్పి గలవాడు నుదుట రాచుకొని, కచేరీ ముగియులోపలనే గుణమో కాదో తెలిసికొనవచ్చును.