ఎండే ఆధారం.. గ్యాస్‌ తోడు
ఇంటి వేడినీటి ఏర్పాటులో పాటించవలసిన మెలకువలు

బనగానపల్లె: ఏడాదిలో అధిక దినాలు ఎండ కాసే నేల ఇది. ఇక్కడికి చేరువలోని గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్‌ పార్కు వెలసింది ఆ ఎండను నమ్ముకొనే. అయినా వానాకాలపు ముసురులోను, అక్టోబరు, నవంబరు నెలల తుపాను మబ్బుల్లోను మిద్దెపైని సోలార్‌ హీటరు చల్లబడుతుంది. పసిపిల్లలకు, వృద్ధులకు వేడినీరు ఎక్కువగా అవసరమయ్యేది ఆ రోజుల్లోనే. అందుకే సోలారుకు తోడుగా గ్యాస్‌ గీజరును అమర్చుకోవడం మేలైన పద్ధతి. అయితే రెండింటినీ కలపడంలో పొరపాటు జరిగితే గ్యాస్‌ వృథా కావడమే కాదు, ప్రాణాపాయమూ పొంచి ఉంటుంది.

ఎంత నీరు? ఎంత గ్యాస్‌?

నలుగురున్న ఇంటికి రోజుకు వంద లీటర్ల సోలార్‌ హీటరు సరిపోతుంది. 60 డిగ్రీల వేడినీరు వంద లీటర్లకు 25 డిగ్రీల చన్నీరు కలిపితే, స్నానానికి అనువైన 40 డిగ్రీల నీరు సుమారు 230 లీటర్లు అవుతుంది. అంటే ఇరవై లీటర్ల బకెట్లు పదకొండు.

వంద లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 3,500 కిలో కేలరీల వేడి కావాలి. ఆ పని పూర్తిగా గ్యాస్‌తోనే చేస్తే, గీజరులో కొంత వేడి వృథా కావడాన్ని కూడా లెక్కలోకి తీసుకొంటే రోజుకు సుమారు 400 గ్రాముల గ్యాస్‌ ఖర్చవుతుంది. 14.2 కిలోల సిలిండరు 35 రోజులకే నిండుకుంటుంది. ఏడాది పొడవునా అలాగే వాడితే పది సిలిండర్లు దాటుతాయి. అదే ఎండ లేని నలభై రోజులకే గ్యాస్‌ను పరిమితం చేస్తే సంవత్సరానికి ఒక సిలిండరు, మరి కాస్త సరిపోతుంది. ఈ వ్యత్యాసమే ఏర్పాటు మొత్తానికి మూలం. ఎండ ప్రధానంగా, గ్యాస్‌ అక్కరకు మాత్రమే ఉండాలి.

సున్నపు నేల.. గట్టి నీరు

సమీపంలోని బెలుం గుహలను తొలిచింది సున్నపురాతిని కరిగించుకొంటూ పోయిన నీరే. నాపరాళ్లకు పేరొందిన ఈ ప్రాంతపు బోరు నీటిలోనూ ఆ సున్నం కరిగి ఉంటుంది. నీటిని కాచినప్పుడు అది మళ్లీ రాయిగా మారి పాత్రకు, గొట్టానికి తెల్లని పెచ్చుగా అంటుకుంటుంది. కాగులో నీళ్లు కాచిన ఇళ్లవారికి ఈ పెచ్చు సుపరిచితమే.

కాబట్టి హీటరు కొనే ముందు నీటి కాఠిన్యాన్ని పరీక్ష చేయించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని, ప్రత్యామ్నాయం లేనిచోట 600 వరకు అంగీకరిస్తుంది. కాఠిన్యం 200కు మించితే రాగి గొట్టాల పలకలున్న హీటరు కంటే గాజు గొట్టాల హీటరు మేలు. పలకలోని సన్నని గొట్టాలు త్వరగా పూడుకుపోతాయి. గాజు గొట్టాలు వెడల్పుగా ఉంటాయి, విప్పి శుభ్రం చేసుకోవచ్చు. అందరికంటే ముందు దెబ్బతినేది గ్యాస్‌ గీజరులోని సన్నని రాగి చుట్ట. ఏడాదికొకసారి దానిని నిమ్మ ఉప్పు ద్రావణంతో కడిగించాలి.

మిద్దెపై అమరిక

సోలార్‌ హీటరుకు అమెరికాలోని బాల్టిమోరులో క్లారెన్స్‌ కెంప్‌ 1891లో పేటెంటు పొందారు. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ నీటి ట్యాంకును పలక నుంచి విడదీసి, దానికంటే ఎత్తున అమర్చడంతో రాత్రి వేళకూ వేడి నిలిచింది. వేడెక్కిన నీరు తేలికై పైకి చేరుతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. మోటారు అక్కరలేని ఈ సూత్రం మీదే నేటి ఇళ్ల హీటర్లూ పనిచేస్తున్నాయి.

బనగానపల్లె సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కనుక గొట్టాలను దక్షిణాభిముఖంగా, 25 నుంచి 30 డిగ్రీల వాలుతో నిలపాలి. చెట్టు నీడ, పక్క మేడ నీడ పడరాదు. చన్నీటి ట్యాంకు అడుగు సోలార్‌ ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. ఆవిరి పోవడానికి పెట్టే గాలి గొట్టం చన్నీటి మట్టాన్ని మించి ఉండాలి, దానికి ఎన్నడూ మూత బిగించరాదు. నిండు ట్యాంకు, స్టాండు బరువు గోడల మీద లేదా దూలాల మీద పడేలా చూడాలి. పాత మట్టి మిద్దెలు, నాపరాతి కప్పుల నడిమధ్య అమర్చడం క్షేమం కాదు.

వేడినీటికి మామూలు పీవీసీ పైపు పనికిరాదు. సీపీవీసీ పైపును వాడి, పైన వేడి పోకుండా తొడుగు వేయించాలి. ముప్పావు అంగుళం పైపు 15 మీటర్లుంటే సుమారు నాలుగు లీటర్ల నీరు దానిలోనే చల్లబడి నిలిచిపోతుంది. అందుచేత స్నానాల గదికి దగ్గరగా హీటరు ఉండటం మంచిది.

రెండింటినీ కలిపే తీరు

సోలార్‌ నుంచి దిగే పైపును రెండుగా చీల్చాలి. ఒక పాయ నేరుగా స్నానాల గదికి, రెండో పాయ గీజరు మీదుగా అక్కడికే చేరాలి. ప్రతి పాయకు ఒక వాల్వు, గీజరు తరువాత నీరు వెనక్కి మళ్లకుండా నాన్‌ రిటర్న్‌ వాల్వు బిగించాలి. ఎండ రోజుల్లో నేరు దారిని తెరచి గీజరు దారిని మూసివేయాలి. మబ్బు రోజుల్లో దీనికి విరుద్ధంగా చేయాలి. అప్పుడు గోరువెచ్చగా వచ్చిన సోలార్‌ నీటికి మిగిలిన కొద్దిపాటి వేడిని మాత్రమే గ్యాస్‌ అందిస్తుంది.

నేరు దారి లేకుండా సోలార్‌ నీటినంతా గీజరులోకి పంపడం పెద్ద పొరపాటు. నిమిషానికి ఆరు లీటర్ల చిన్న గీజర్లలో చాలావాటికి లోపలికి వచ్చే నీటి వేడిని బట్టి మంటను తగ్గించుకొనే ఏర్పాటు ఉండదు. నీరు పారితే చాలు, దాదాపు 25 డిగ్రీలు పెంచుతాయి. 60 డిగ్రీల నీరు లోపలికి వెళితే 85 డిగ్రీలై బయటికి వస్తుంది. 60 డిగ్రీల నీరే కొన్ని క్షణాల్లో చర్మాన్ని కాల్చివేస్తుంది. పిల్లలున్న ఇంట్లో చన్నీటిని తానే కలిపి నిర్ణీత వేడిలో వదిలే మిక్సింగ్‌ వాల్వును పెట్టించడం శ్రేయస్కరం.

నీటి ఒత్తిడినీ గమనించాలి. ఒక మీటరు ఎత్తుకు సుమారు 0.1 బార్‌ ఒత్తిడి వస్తుంది. కప్పుకు ఆనుకొని ఉన్న పై అంతస్తు గదిలో ఆ ఒత్తిడి చాలక గీజరు వెలగకపోవచ్చు. కొనే ముందే గీజరుకు అవసరమైన కనీస ఒత్తిడిని తెలుసుకోవాలి.

స్నానాల గదిలో గీజరు వద్దు

మూసిన గదిలో గ్యాస్‌ మండితే ప్రాణవాయువు తరిగి కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం తొలి లక్షణాలు. స్నానం చేస్తున్నవారు తలుపు తీసే లోపే స్పృహ కోల్పోవచ్చు. కాబట్టి గీజరును స్నానాల గది వెలుపల, గాలి ధారాళంగా ఆడే చోట, వాన తగలకుండా గోడకు బిగించాలి. పొగ ఆరుబయటికే పోవాలి. కిటికీ ఉన్నా, ఎగ్జాస్ట్‌ ఫ్యాను ఉన్నా గది లోపల పెట్టడం తగదు.

వంటగ్యాస్‌ గాలి కంటే బరువైనది. కారితే నేలబారుగా పేరుకుంటుంది. అందుచేత సిలిండరును గుంతలో పెట్టరాదు. వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, 1906 అత్యవసర నంబరుకు ఫోన్‌ చేయాలి.

రాయితీపై స్పష్టత

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్‌ పథకం రాయితీ ఇంటిపై విద్యుత్‌ ఉత్పత్తి చేసే ఫలకాలకు ఉద్దేశించినది. నీళ్లు కాచే సోలార్‌ హీటరుకు అది వర్తించదు. అమ్మకందారులు ఈ రెండింటినీ కలిపి చెబితే నమ్మరాదు.

ఇవి మరవొద్దు

* ఎండాకాలం వాడకం తగ్గితే ట్యాంకులో నీరు మరుగుతుంది. సగం గొట్టాలకు గుడ్డ కప్పాలి.
* మిట్టమధ్యాహ్నం ఖాళీ గాజు గొట్టాల్లోకి చన్నీరు వదిలితే పగులుతాయి. తెల్లవారుజామునే నింపాలి.
* గొట్టాలపై దుమ్మును తరచుగా తుడవాలి.
* గీజరు మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు మారితే వాడటం ఆపి, మెకానిక్‌కు చూపించాలి.
* గ్యాస్‌ రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చాలి.