పీహెచ్ కొలత చరిత్ర – కోనసీమ నీటి పాఠం

4.3.1 కొలతకు ముందు

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న డెల్టా ప్రాంతం కోనసీమ. బావిలో ఊరిన నీరు తీపా, ఉప్పా అన్నది ఇక్కడ తరతరాల ప్రశ్న. చాలాకాలం దానికి పరీక్ష సాధనం నాలుకే.

ఆమ్ల, క్షారాలను గుర్తించే సూచిక కూడా ప్రతి ఇంటిలోనూ ఉండేది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవుతుంది. సున్నం క్షారం కావడమే దీనికి కారణం. అందులో తగినంత నిమ్మరసం పిండితే పసుపు రంగు తిరిగి వస్తుంది. అయితే ఆమ్లంలోనూ, మంచినీటిలోనూ పసుపు రంగు మారదు. కాబట్టి ఈ సూచిక క్షారాన్ని మాత్రమే పట్టి ఇస్తుంది. ఐరోపాలో రాబర్ట్ బాయిల్ 1664లో ప్రచురించిన గ్రంథంలో వయొలెట్ పూల పాకం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారుతుందని వివరించాడు. ఇవన్నీ 'ఆమ్లమా, క్షారమా' అని చెప్పగలిగాయి. 'ఎంత' అన్నది కచ్చితంగా చెప్పలేకపోయాయి.

4.3.2 రంగు నుంచి అంకెకు

కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైములపై పరిశోధన చేస్తున్న సోరెన్సెన్ 1909లో పీహెచ్ మానాన్ని ప్రవేశపెట్టాడు. ఇది హైడ్రోజన్ అయాన్ల గాఢతను సంవర్గమానంలో తెలుపుతుంది. అందువల్ల పీహెచ్ 7 నుంచి 6కు తగ్గితే ఆ గాఢత 10 రెట్లు, 5కు తగ్గితే 100 రెట్లు పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీటి పీహెచ్ 7.

కాలిఫోర్నియాలో సల్ఫర్ డయాక్సైడ్ కలిపి నిలవ చేసిన నిమ్మరసాన్ని పరీక్షించడానికి లిట్మస్ పనికిరాలేదు. ఆ వాయువు దాని రంగును పోగొట్టేది. ఈ ఇబ్బందిని తీర్చడానికి ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో ఎలక్ట్రానిక్ పీహెచ్ మీటరును రూపొందించాడు.

4.3.3 అంకెను చదవడం

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు, వైనతేయ పాయపై గన్నవరం అక్విడక్టు కోనసీమకు గోదావరి మంచినీటిని అందించాయి. అయినా తీరం వెంబడి భూమిలో మంచినీటి పొర కింద ఉప్పునీరు ఉంటుంది. బోర్లతో ఎక్కువగా తోడితే అది పైకి వస్తుంది.

ఈ మార్పును పీహెచ్ మీటరు ఒక్కటే పట్టుకోగలదా? తాగునీటికి భారతీయ ప్రమాణం 6.5 నుంచి 8.5. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1. అంటే కేవలం ఈ అంకెను చూస్తే సముద్రపు నీరు కూడా పరీక్షలో నెగ్గుతుంది! సోడియం క్లోరైడ్ తటస్థ లవణం. అది ఎంత ఉన్నదో పీహెచ్ చెప్పదు. దానికి విద్యుద్వాహకతను లేదా కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని కొలవాలి.

అయితే పీహెచ్ అనవసరమని అనుకోరాదు. చౌడు నేలను తీసుకోండి. లవణాలు ఎక్కువగా ఉండి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. మురుగు పోయే దారి చేసి, మంచినీటితో ఆ ఉప్పును కడిగివేయాలి. సోడియం మట్టిని పట్టుకొని, పీహెచ్ 8.5 దాటితే అది కారుచౌడు. దానికి ముందుగా జిప్సం వేయాలి. రెండింటికీ తేడా తెలియకపోతే రైతు జిప్సం ఖర్చు వృథా కావచ్చు, లేదా ఎన్ని తడులు కట్టినా చేను బాగుపడకపోవచ్చు.

సారాంశం

నాలుక ఉప్పును, పసుపు క్షారాన్ని గుర్తించాయి. మీటరు ఆమ్ల, క్షార స్థితికి అంకెను ఇచ్చింది. ఒక సాధనం రెండో సాధనం పని చేయదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక బావి నీటి పీహెచ్ 7.9. ఆ నీరు తాగడానికి యోగ్యమని ఈ ఒక్క అంకెతో నిర్ధారించవచ్చా? కారణాలు రాయండి.