చిల్లు కానీ, చేతివేళ్ళ రూపాయి

నాణేలు పోగేసే జబ్బు ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే మూడో నిమిషంలో గొడవ మొదలవుతుంది. వైజాగ్‌లో నాకో మిత్రుడున్నాడు. ఆయన లెక్కలో అందమైన నాణెం అనేది 1950తోనే ఆగిపోయింది. నాలుగు సింహాల బొమ్మ, రూపాయి మీద కంకులు, అణా మీద ఎద్దు, కానీ మీద గుర్రం. ఆ తర్వాత వచ్చినవన్నీ, ముఖ్యంగా 2007 నాటి చేతివేళ్ళ నాణేలు, ఆయన దృష్టిలో "ట్రాఫిక్ పోలీసు సైగలు". ఇంకో వర్గం ఉంది. వాళ్ళకి కొత్త బొమ్మ ఉంటే చాలు, ఎగబడి కొంటారు. నేను ఈ రెండు పార్టీల్లోనూ లేను. ఎందుకో చెప్తాను.

మా మామ్మది రోలుగుంట. అప్పట్లో విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. చోడవరం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆవిడ తాళాల గుత్తికి ఒక చిల్లు కానీ వేలాడుతుండేది. చిన్నప్పుడు మా నాన్న మొలతాడుకి కట్టిందట. నేను నాణేల పిచ్చిలో పడింది దాంతోనే.

ఆ చిల్లు కథ తెలిస్తే మా మిత్రుడి వాదన సగం కూలిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో రాగికి కరువొచ్చింది. 1943లో ప్రభుత్వం కానీని చిన్నది చేసి, మధ్యలో పెద్ద చిల్లు పెట్టింది. అంతకుముందు దాదాపు ఐదు గ్రాములున్నది రెండు గ్రాములకి దిగింది. రాజుగారి తలకాయకి చోటు లేక కిరీటం మాత్రం మిగిలింది! అంటే మనం ఇవాళ "అబ్బ, ఎంత పాతకాలపు అందం" అని మురిసిపోయే నాణెం, పుట్టినప్పుడు పచ్చి గిమ్మిక్కు. పొదుపు కోసం చేసిన గిమ్మిక్కు. 1947 దాకా ముద్రించారు. ఒక తరం గడిచేసరికి అదే సంప్రదాయం అయి కూర్చుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 1907లో అణా అంచుల్ని పువ్వు రేకుల్లా మెలికలు తిప్పారు. తర్వాత బేడని (రెండణాలన్నమాట) చదరంగా చేశారు. తెల్లవాళ్ళు పోయాక బొమ్మలు మారాయిగానీ ఈ ఆకారాలు మారలేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు కూడా పది పైసలకి మెలికల అంచు, అయిదు పైసలకి చదరం అలాగే ఉంచారు. మన భాషలో చెప్పాలంటే లోపల సిస్టం మొత్తం మార్చేసి ఇంటర్‌ఫేస్ మాత్రం ముట్టుకోలేదు. జేబులో చెయ్యి పెడితే చూడకుండానే ఏది ఎంతో తెలిసిపోయేది.

ఇప్పుడు రెండు రూపాయల బిళ్ళ సంగతి. 1990ల్లో వచ్చిన దానికి పదకొండు మూలలు, వెనక భారతదేశం పటం. 2005 సంవత్సరం వేసి వచ్చిన కొత్త బిళ్ళకి ఆ మూలలు పోయాయి. గుండ్రంగా, స్టీలుతో, 27 మిల్లీమీటర్లు. అప్పటికే వాడుకలో ఉన్న రూపాయి కూడా గుండ్రమే, స్టీలే, 25 మిల్లీమీటర్లు. తేడా రెండు మిల్లీమీటర్లు! దేశంలో గొడవ జరిగిందిగానీ దీని గురించి కాదు. ఆ బిళ్ళ మీది గీతలు శిలువలా ఉన్నాయని. పత్రికలు, పార్టీలు అందరూ బొమ్మ గురించే కొట్టుకున్నారు. పోయిన మూలల గురించి అంత గొడవ జరగలేదు.

2007లో బొమ్మ మారింది. నాట్యముద్రలు వచ్చాయి. రూపాయికి ఒక వేలు, రెండు రూపాయలకి రెండు వేళ్ళు, అర్ధరూపాయికి పిడికిలి. చదువు రానివాడు కూడా వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే నాకా ఆలోచన నచ్చింది. కానీ మా మామ్మకి కళ్ళల్లో శుక్లాలు. ఊళ్ళో చిన్న కొట్టు నడిపేది. ఓసారి నేను పక్కనే ఉండగా ఒక పిల్లాడికి చిల్లర ఇస్తూ బిళ్ళని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి, చివరికి నా చేతిలో పెట్టి, "ఇది రూపాయా, రెండ్రూపాయలా నాన్నా?" అంది. నలభై ఏళ్ళు ఎవర్నీ అడగకుండా చిల్లర లెక్కపెట్టిన మనిషి. వేలి బొమ్మ ఆవిడకి కనపడదు. చేతికి తెలిసే మూలలు మనం తీసేశాం.

బొమ్మలు ఎక్కువైతే ఇంకో తంటా. పది రూపాయల బిళ్ళలు రకరకాలు వచ్చేసరికి జనం "ఇది దొంగదేమో" అని తీసుకోవడం మానేశారు. చివరికి 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు, పధ్నాలుగు డిజైన్లూ అసలైనవే అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. సేకరించేవాడికి పధ్నాలుగు రకాలంటే పండగ. బస్సు కండక్టరుకి తలనొప్పి.

మరి స్మారక నాణేలో అంటారా? 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన రూపాయి జనం చేతుల్లో తిరిగింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి రాష్ట్రాల క్వార్టర్లు గుర్తుండే ఉంటాయి, 1999 నుంచి 2008 దాకా యాభై రకాలు. అన్నీ చిల్లరలోనే దొరికేవి, సైజూ ఆకారమూ మాత్రం మారలేదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం అలా కాదు. 44 మిల్లీమీటర్లు, సగం వెండి, ధర నాలుగు వేల పైమాటే. నేనూ కొన్నాను, దాచను. కానీ అది నాణెం రూపంలో ఉన్న జ్ఞాపిక. దాంతో ఎవరూ ఉల్లిపాయలు కొనరు.

కాబట్టి మా మిత్రుడితో నా తగువు బొమ్మ గురించి కాదు. పాతదా కొత్తదా అన్న ప్రశ్నే తప్పు. కాపాడుకోవాల్సిన సంప్రదాయం సింహాలూ కంకులూ మాత్రమే కాదు, చేతికి తెలిసే ఆకారం కూడా. 2019లో ప్రకటించిన ఇరవై రూపాయల బిళ్ళ చూడండి. పది రూపాయల దానిలాగే 27 మిల్లీమీటర్లు, రెండు లోహాలు. కానీ పన్నెండు పలకలు. మీద పైరు బొమ్మ. పాత పార్టీకి కంకులు, కొత్త పార్టీకి ఆకారం, కళ్ళు లేనివాళ్ళకి అంచు. ఎవరో ఈసారి వాడేవాళ్ళని తలుచుకుని చేశారు.

మామ్మ దాన్ని చూడకుండానే పోయింది. ఆవిడ చిల్లు కానీ ఇప్పుడు నా ఆల్బంలో ఉంది. అప్పుడప్పుడూ తీసి, కళ్ళు మూసుకుని తడిమి చూస్తాను. ఏ బిళ్ళో వెంటనే తెలిసిపోతుంది. మీ జేబులో చిల్లరతో మీరూ ఓసారి ప్రయత్నించండి.