బాలింత కన్నీరు: సంఘం తెలుసుకోవలసినవి

కాన్పయిన మూడు నాలుగు రోజులకు బాలింతకు ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. గర్భంతో ఉండగానే మొదలయ్యేదీ ఉంది. దీన్ని విశ్వాసలోపమనో, దయ్యమనో అనేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. మేము ఒప్పుకోము. ఇది జబ్బు, వైద్యమున్న జబ్బు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులూ ఉన్నాయి. ఏవో డాక్టరే చెప్పాలి. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చాక పనికోసం వచ్చి అద్దె గదుల్లో కాపురముంటున్నవారు చాలామంది. భర్తకు నైట్ డ్యూటీ, పుట్టిల్లు ఎక్కడో. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42వ రోజులోగా ఆరుసార్లు ఇంటికి రావాలి. అయితే ఆ రాక ముఖ్యంగా బిడ్డ కోసం. తల్లి మనసు సంగతి? ప్రార్థనకు వెళ్లే మన సహోదరీలు అడగవచ్చు. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. ఒక రాత్రి బిడ్డను ఎత్తుకుని ఆ తల్లిని పడుకోనివ్వడమూ పరిచర్యే.

ఆమె అవునంటే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయమైతే 108.