వ్యసనం: అదుపు తప్పడమనే భావన చరిత్ర

మద్యమో మత్తుమందో తనకు కీడు చేస్తోందని తెలిసీ మనిషి మానలేకపోవడమే వ్యసనం. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటకు ఆపద, దుఃఖం అనే అర్థాలూ ఉన్నాయి, విడవలేని చెడ్డ అలవాటు అనే అర్థమూ ఉంది. సప్తవ్యసనాల్లో జూదం, వేటల సరసన మద్యపానాన్నీ లెక్కపెట్టారు. తాగుబోతు తన కష్టాన్ని తానే కొనితెచ్చుకున్నాడా, లేక అది అతని మీద వచ్చిపడిందా అనే తగవు ఆ మాటలోనే ఉందన్నమాట. ఆధునిక వైద్యం రెండు శతాబ్దాలకు పైగా ఈ తగవునే విచారిస్తోంది. ఇరుపక్షాలూ ఒక పొరపాటు చేశాయి: ఆత్మనిగ్రహం ఉంటే పూర్తిగా ఉంటుంది, పోతే పూర్తిగా పోతుంది అనుకోవడం. అది మెల్లమెల్లగా అరుగుతుందనీ, చోటును బట్టి, ఎదుట ఉన్న ఆశను బట్టి హెచ్చుతగ్గులవుతుందనీ సాక్ష్యాలు చెబుతున్నాయి.

తాగుడును పాపం ఖాతాలోంచి వైద్యం ఖాతాలోకి మార్చినవారిలో ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ (1784), బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ (1804) ముందు వరుసలో ఉంటారు. ట్రాటర్ దాన్ని మనసుకు పట్టిన జబ్బు అన్నాడు. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ దానికి ‘ఆల్కహాలిజం’ అని పేరు పెట్టాడు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం, మద్యం ముందు తాము నిస్సహాయులమని ఒప్పుకోవడాన్నే తొలి మెట్టు చేసుకుంది. ఆ సంఘ సభ్యుల జవాబుల ఆధారంగా పరిశోధకుడు ఇ.ఎం. జెల్లినెక్ 1946లో వ్యసనం ముదిరే దశలను గీశాడు. ఉపశమనం కోసం తాగడం, చాటుగా తాగడం, జ్ఞాపకం చెరిగిపోవడం, ఆ తర్వాత ‘అదుపు తప్పడం’, చివరికి పొద్దున లేస్తూనే తాగడం. పటం బాగా కుదిరింది, ఊరూరా వైద్యశాలల గోడలెక్కింది. కానీ దానికి ఆధారం 98 మంది మగవాళ్ల జవాబులు మాత్రమే. అందరూ ఒకే సంఘంలో ఒకే కథ వింటూ చెప్పుకున్నవాళ్లే! అందరూ ఒకే దారిన దిగజారతారని దాంతో రుజువు కాదు.

తొలి గుక్క గొంతు దిగితే ఇక పగ్గాలు చేజారతాయన్న నమ్మకాన్ని 1973లో మనస్తత్వవేత్త అలన్ మార్లట్ బృందం పరీక్షించింది. రుచి చూసే పరీక్ష అని చెప్పి కొందరికి వోడ్కా కలిపిన టానిక్ నీళ్లు, కొందరికి ఉత్త టానిక్ నీళ్లు ఇచ్చారు. గ్లాసులో ఏముందన్న దాన్ని బట్టి కాదు, వోడ్కా ఉందని నమ్మారా లేదా అన్న దాన్ని బట్టి తాగే మోతాదు పెరిగింది. తాగుడుకు బానిసలైనవాళ్లలోనూ ఇదే ఫలితం. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికన్ సైనికులను పరిశోధకురాలు లీ రాబిన్స్ పరిశీలించింది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవారు సుమారు అయిదింట ఒకరు. ఇంటికి చేరిన తొలి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనది దాదాపు 5 శాతం. సరుకూ తోడూ భయమూ అన్నీ మారిపోయిన వీళ్లు మామూలు వ్యసనపరులకు నమూనా కారన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అది ఈ వాదానికే బలమిస్తుంది: చోటు మారితే నిగ్రహమూ మారింది.

అలాగని అరుగుదల అబద్ధం కాదు. మత్తు పదేపదే మెదడులో కోరికను రేపే డోపమిన్ మార్గాన్ని తట్టిలేపడం వల్ల, ఆనందం తగ్గుతున్నా ఆరాటం పెరుగుతుందని శాస్త్రవేత్తలు రాబిన్‌సన్, బెర్రిడ్జ్ 1993లో వాదించారు. ఆగి ఆలోచింపజేసే ముందరి మెదడు పనితీరు మందగించడాన్ని పరిశోధకురాలు నోరా వోల్కోవ్ మెదడు చిత్రాల్లో చూపింది. ఒళ్లు మత్తుకు అలవాటు పడడం మాత్రం ఇందులో ఒక భాగమే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం కాగానే, ఆ కల్లు దొరక్క నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో మూర్ఛలతో, మతి చెదిరి ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపిన ఆల్ప్రాజోలం వంటి మందుల పేరైనా చాలామందికి తెలియదు. ఒంటికి మాత్రం తెలుసు.

ఇక వ్యసనం జబ్బన్న వాదానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. కొకైన్ వాడేవారికి మూత్రపరీక్షలో మత్తు కనిపించకపోతే సరుకుల కూపన్లిచ్చే పద్ధతిని స్టీఫెన్ హిగ్గిన్స్ వెర్మాంట్‌లో ప్రయోగిస్తే చాలామంది మానగలిగారు. కూపన్ చూపితే మతిమరుపు జబ్బు తగ్గదు కదా, మరి ఇది జబ్బెలా అవుతుంది అంటారు. కూపన్‌తో మతిమరుపు తగ్గదన్నది అక్షరాలా నిజమే. కానీ తలచుకుంటే మానేస్తాడనీ దీనివల్ల తేలదు. వ్యసనంలో చెడిపోయేది తూచే తక్కెడ. రేపటి ఇల్లు, ఉద్యోగం తేలికగా, ఈ గంట ఉపశమనం బరువుగా తూగుతాయి. పక్కనే, వెంటనే చేతికందే మేలు పెడితే ఆ ముల్లు కాస్త కదులుతుంది. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ కూడా 11 లక్షణాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కించి స్వల్పం, మధ్యమం, తీవ్రం అంటుందే తప్ప ఒక్క గీత గీసి అటూ ఇటూ విడదీయదు. అయితే ఆ ముల్లును కదిపే సాయం అందరికీ అందలేదు: భారతదేశంలో 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినది ఒక్కరికే.