చీరాలలో పిజ్జా, పూటకూళ్ళు

చీరాలలో ఏ దుకాణం పిజ్జా మంచిదని నా విద్యార్థులు వాదించుకొంటుంటారు. నాకు తోచే ప్రశ్న వేరు: ఎవరి పక్కన ఎవరు కూర్చొని తింటున్నారు?

ఇది పాత ప్రశ్నే. పూటకూళ్ళ యింటికీ, దాని తరువాత వచ్చిన కాఫీ హోటలుకూ వండేవారి కులమే పెట్టుబడి. 'బ్రాహ్మణ హోటలు' అన్న బోర్డు రుచికి హామీ అనుకొనేవారు అమాయకులు. లోపలికి ఎవరు రాకూడదో చెప్పే ప్రకటన అది. మాంసం పెట్టే మిలిటరీ హోటలు దానికి పోటీగా నిలిచి, తలుపు కొంత తెరిచింది. అందరికీ కాదు. పల్లె టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు కొనసాగుతూనే వచ్చింది.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులను ధిక్కరించి, ఇళ్ళు విడిచి రామనగర్ పాకల్లో నెలల తరబడి కాపురమున్నారు. సర్కారు నెదిరించడానికి ఒక్కటైన ఊరు విస్తరి దగ్గర ఒక్కటి కావడం మరో పోరాటం.

హోటలు ప్రవేశానికి కులం అడ్డురాకూడదని 1950లో రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం శిక్ష చేర్చింది. అయినా 1957లో, ఒకప్పుడు మనకూ రాజధాని అయిన మద్రాసులో, మురళీ కఫే బోర్డు మీది 'బ్రాహ్మణ' శబ్దాన్ని తీయించడానికి పెరియార్ అనుచరులు నెలల తరబడి పికెటింగు చేసి అరెస్టు కావలసివచ్చింది. చీరాలకు కొద్ది మైళ్ళలోనే ఉన్న కారంచేడులో 1985 జూలై 17 నాటి దళితుల హత్యాకాండకు నాంది తాగేనీటి చెరువు దగ్గరి తగాదా. బతికినవారు తలదాచుకొన్నది చీరాలలోనే.

పిజ్జా దుకాణం కులమడగదు, నిజమే. ధరల పట్టీ మాత్రం గోడకు వేలాడుతుంటుంది. మగ్గం నేసేవాని రోజుకూలిలో ఒక్క పిజ్జాకు ఎంత పోతుందో లెక్కకట్టి చూడండి. అతను ఇడ్లీ తినే తోపుడుబండి దగ్గర బల్లలు లేవు. ఎవరి పక్కన చోటుంటే అక్కడ నిలబడి తింటాడు.