సికందర్ బాగ్ ఎముకలు

ఛాయాచిత్రం అబద్ధమాడదని లోకంలో ఒక నమ్మిక. లక్నో నగరంలోని సికందర్ బాగ్ చిత్రాన్ని చూస్తే ఆ నమ్మిక ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

1857 నవంబరు 16న సర్ కాలిన్ కాంప్‌బెల్ సేన ఆ తోట ప్రాకారాన్ని ఛేదించి, లోపలనున్న సుమారు 2,000 మంది సిపాయిలను హతమార్చింది. ఛాయాగ్రాహకుడు ఫెలీచే బియాటో లక్నో చేరినది 1858 వసంతంలో. నెలలు గడచినా అతని చిత్రంలో శిథిల భవనం ముందు పుర్రెలు, ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. కప్పిపెట్టిన కళేబరాలను ఛాయాగ్రాహకుడు పట్టుబట్టి తెరిపించాడని సర్ జార్జి కాంప్‌బెల్ అనే ఆంగ్లేయాధికారి తన స్మృతులలో వ్రాశాడు.

అంతకు మూడేళ్ల ముందు, 1855లో, క్రిమియా యుద్ధరంగంలో రోజర్ ఫెంటన్ 300కు పైగా చిత్రాలు తీశాడు. వాటిలో ఒక్క ఆంగ్ల సైనికుని శవమైనా లేదు. 1860లో చైనాలోని తాకూ కోటల వద్ద బియాటో చూపిన మృతులు చైనీయులే. తనవారి మరణానికి మరుగు, ఎదుటివారి మరణానికి ప్రదర్శన! యుద్ధచిత్రానికి తొలినాళ్లలోనే అబ్బిన నీతి ఇది.

నాటి ఆంగ్లేయునికి విజయచిహ్నమైన ఆ చిత్రమే నేడు మనకు నరమేధానికి సాక్ష్యం. చిత్రం మారలేదు, చూచే కన్ను మారింది. కనుక ఏ యుద్ధచిత్రాన్ని చూచినా, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరిని చూపక విడిచారు అని విచారించవలె.

ఊదాదేవి అనే వీరనారి ఆ పోరులోనే నేలకొరిగిందని జనశ్రుతి. సికందర్ బాగ్ వెలుపల నేడు ఆమె విగ్రహముంది. బియాటో చిత్రంలోని పుర్రెలకు మాత్రం పేర్లు లేవు.